యాంటీబాడీ మందుల బంధాన్ని లేబుల్ లేకుండా కొలిచే విధానం: ట్రాస్టుజుమాబ్, హెర్2 ఉదాహరణగా

రొమ్ము క్యాన్సర్‌కు వాడే ట్రాస్టుజుమాబ్ అనే యాంటీబాడీ మందుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1998లో అనుమతి ఇచ్చింది. క్యాన్సర్ కణం ఉపరితలం మీద ఉండే హెర్2 అనే ప్రోటీన్‌ను పట్టుకోవడంతోనే ఈ మందు పని మొదలవుతుంది. దీనికి బయోసిమిలర్, అంటే అసలు మందును పోలిన మరో తయారీదారు మందు, తయారుచేస్తున్నా, కొత్త యాంటీబాడీని అభివృద్ధి చేస్తున్నా, ప్రయోగశాల పని తొలినాళ్లలోనే జవాబు చెప్పవలసిన ప్రశ్నలు రెండున్నాయి: ఈ యాంటీబాడీ తన లక్ష్యాన్ని ఎంత వేగంగా పట్టుకుంటుంది, పట్టుకున్నాక ఎంతసేపు వదలకుండా ఉంటుంది?

ఎలైజా పరీక్ష ఈ ప్రశ్నలకు సగం జవాబే ఇస్తుంది. అందులో ఎంజైము తగిలించిన రెండో యాంటీబాడీ రంగు తెప్పిస్తే తప్ప మనకేమీ కనబడదు. పైగా మధ్యలో పలుమార్లు కడగడం వల్ల బలహీనంగా అంటుకున్నవి ఊడి కొట్టుకుపోతాయి, మిగిలినవాటి మొత్తమే చివరికి తెలుస్తుంది. ప్రోటీన్‌కు నేరుగా మెరిసే రంగును అంటిస్తే ఇంకో చిక్కు వస్తుంది: ఆ రంగు సాధారణంగా లైసీన్ల మీద అతుక్కుంటుంది, బంధం ఏర్పడే చోటులోనే ఒక లైసీన్ ఉంటే మనం కొలిచేది అసలు ప్రోటీన్‌ను కాదు, దెబ్బతిన్న ప్రోటీన్‌ను. లేబుల్ అవసరంలేని పద్ధతుల్లో రెండు ప్రోటీన్లూ తమ సహజ రూపంలోనే ఉంటాయి, అవి కలవడమూ విడిపోవడమూ క్షణక్షణం తెర మీద గీతగా కనబడుతుంది.

హైదరాబాద్ జీనోమ్ వ్యాలీ వంటి చోట్ల బయోలాజిక్స్ విశ్లేషణ విభాగాల్లో కొత్తగా చేరినవారిని దృష్టిలో ఉంచుకొని ఈ విధానాన్ని వివరిస్తున్నాను. ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. ఈ యంత్రాలు ఏ నమూనా పెట్టినా ఏదో ఒక అంకె ఇస్తాయి. ఆ అంకెకు విలువ ఉందా లేదా అన్నది యంత్రం ఆన్ చేయడానికి ముందే, ఏ ప్రోటీన్‌ను చిప్ మీద ఉంచాం, ఎంత ఉంచాం, దేన్ని ప్రవహింపజేశాం అన్న నిర్ణయాల దగ్గరే తేలిపోతుంది. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ నిర్ణయాల గురించే ఉంటుంది.

ఏ యంత్రం, దేనికి

ప్రధానంగా వాడుకలో ఉన్నవి మూడు. మొదటిది సర్ఫేస్ ప్లాస్మాన్ రెజొనెన్స్, అందరూ ఎస్‌పీఆర్ అంటారు. గాజు మీద సుమారు 50 నానోమీటర్ల మందం గల బంగారు పొర ఉంటుంది. కింది నుంచి కాంతి పడి పూర్తిగా పరావర్తనం చెందేటప్పుడు, ఒకానొక కోణం దగ్గర ఆ కాంతి తీవ్రత బాగా తగ్గిపోతుంది. బంగారం పైవైపున, కొన్ని వందల నానోమీటర్ల లోపు, ప్రోటీన్ వచ్చి చేరితే అక్కడి వక్రీభవన గుణకం మారి, ఆ కోణం జరుగుతుంది. ఆ జరుగుడును రెస్పాన్స్ యూనిట్లలో, అంటే ఆర్‌యూలలో చూపిస్తారు. ఒక ఆర్‌యూ చదరపు మిల్లీమీటరుకు సుమారు ఒక పికోగ్రాము ప్రోటీన్‌తో సమానం. ఈ సూత్రాన్ని జీవపదార్థాల కొలతకు వాడవచ్చని స్వీడన్‌లోని లింషోపింగ్ పరిశోధకులు 1983లో చూపించారు, 1990లో ఉప్సాలాలోని ఫార్మాసియా బయోసెన్సర్ సంస్థ బయాకోర్ పేరుతో తొలి వాణిజ్య యంత్రాన్ని తెచ్చింది. 

రెండోది బయోలేయర్ ఇంటర్‌ఫెరోమెట్రీ, ఆక్టెట్ యంత్రాల ద్వారా ఎక్కువమందికి తెలిసినది. మూడోది ఐసోథర్మల్ టైట్రేషన్ క్యాలరీమెట్రీ. ఇందులో ఉపరితలమే ఉండదు, ద్రావణంలో రెండు ప్రోటీన్లు కలిసినప్పుడు వెలువడే లేదా గ్రహించబడే వేడిని నేరుగా కొలుస్తారు. చేరిక, విడిపోయే వేగాలు నియంత్రణ సంస్థకు సమర్పించే స్థాయిలో కావాలంటే ఎస్‌పీఆర్ వైపే మొగ్గాలి. వందల క్లోన్లలో మంచివాటిని త్వరగా ఏరుకోవాలంటే ఆక్టెట్ సరిపోతుంది. ఎస్‌పీఆర్ గురించే ముందు వివరంగా చెప్పి, మిగిలిన రెండింటి దగ్గరికి తరవాత వస్తాను.

ప్రోటీన్ నాణ్యత

చాలామంది చిప్ గురించి ఆలోచించినంతగా ద్రావణంలో ప్రవహించే ప్రోటీన్ గురించి ఆలోచించరు. కానీ ఎస్‌పీఆర్‌లో చేరిక రేటు లెక్క పూర్తిగా మనం సాఫ్ట్‌వేర్‌కు చెప్పే సాంద్రత మీద ఆధారపడుతుంది. సీసా మీద 100 నానోమోలార్ అని రాసి, అందులో పనిచేసే స్థితిలో ఉన్న హెర్2 సగమే అయితే, చేరిక రేటు నిజమైనదానికన్నా సగమే వస్తుంది, కేడీ (విడిపోయే రేటును చేరిక రేటుతో భాగిస్తే వచ్చే బంధబలం కొలమానం; అది ఎంత తక్కువైతే బంధం అంత గట్టిది) రెట్టింపు వస్తుంది. విడిపోయే రేటుకు మాత్రం ఈ దోషం అంటదు, ఎందుకంటే విడిపోవడం సాంద్రత మీద ఆధారపడదు. రెండు ప్రయోగశాలల కేడీలు కలవనప్పుడు ముందుగా వాటి విడిపోయే రేట్లను పక్కపక్కన పెట్టి చూడాలి; అవి కలిసి, చేరిక రేట్లు మాత్రమే తేడాగా ఉంటే, తగాదా సాంద్రత దగ్గరే ఉందని అనుమానించవచ్చు.

కాబట్టి ప్రవహింపజేసే ప్రోటీన్ సాంద్రతను 280 నానోమీటర్ల కాంతి దగ్గర అదే రోజు కొలవాలి. సైజ్ ఎక్స్‌క్లూజన్ క్రొమటోగ్రఫీలో గుత్తులు, అంటే అగ్రిగేట్లు, ఎంత శాతం ఉన్నాయో చూడాలి. కొద్ది శాతం గుత్తులున్నా అవి ఒకేసారి రెండు మూడు చోట్ల పట్టుకొని కూర్చుంటాయి. అప్పుడు విడిపోయే గీత మొదట త్వరగా దిగి, ఆ తరవాత దిగకుండా పొడవైన తోకలా సాగుతుంది. అనుభవం లేనివారు దాన్ని చూసి బంధం చాలా గట్టిదని సంతోషపడతారు. 

కొన్న ప్రోటీన్ ఏ రూపంలో ఉందో కూడా చదవాలి. హెర్2 బాహ్య భాగం మార్కెట్లో హిస్ తోకతోనూ (చివర హిస్టిడిన్ల చిన్న గొలుసుతో) దొరుకుతుంది, యాంటీబాడీకి కాడలా ఉండే ఎఫ్‌సీ భాగానికి అతికించిన రూపంలోనూ దొరుకుతుంది. రెండో రకం జంటగా ఉంటుంది, దాన్ని ప్రవహింపజేస్తే ఒక్కో అణువు రెండు చేతులతో పట్టుకుంటుంది. పైగా చిప్ మీద మానవ ఎఫ్‌సీని పట్టే యాంటీబాడీ ఉంటే అది నేరుగా దానికే అంటుకుంటుంది. ఈ పనికి హిస్ తోక గల ఒంటి రూపాన్నే ఎంచుకోవాలి.

చిప్ మీద ఎవరు, ద్రవంలో ఎవరు

చిప్ మీద నిలిపిన ప్రోటీన్‌ను లిగండ్ అనీ, దాని మీదుగా ప్రవహించేదాన్ని అనలైట్ అనీ అంటారు. ఇలాంటి మందులన్నీ ఐజీజీ అనే రకం యాంటీబాడీలు. ఐజీజీకి యాంటిజెన్‌ను, అంటే లక్ష్య ప్రోటీన్‌ను, పట్టుకునే చోట్లు రెండుంటాయి. హెర్2ను చిప్ మీద నిలిపి యాంటీబాడీని ప్రవహింపజేస్తే, అది పక్కపక్కనున్న రెండు హెర్2 అణువులను ఒకేసారి పట్టుకోవచ్చు; ఒక చేయి వదిలినా రెండోది పట్టుకొనే ఉంటుంది, ఈలోగా మొదటిది మళ్లీ అతుక్కుంటుంది. అలా వచ్చే విడిపోయే రేటు యాంటీబాడీ గుణం కన్నా చిప్ మీద హెర్2 ఎంత దట్టంగా ఉందన్నదాన్నే ఎక్కువగా చెబుతుంది. ఒక్కో చోటు బంధబలం కావాలంటే యాంటీబాడీని చిప్ మీద పట్టి ఉంచి, ఒంటి రూపంలోని హెర్2ను ప్రవహింపజేయాలి.

ఈ నియమం అన్ని లక్ష్యాలకూ ఇంత తేలికగా కుదరదు. అడాలిముమాబ్ అనే మరో యాంటీబాడీ మందు పట్టుకునే టీఎన్ఎఫ్ ఆల్ఫా సహజంగానే మూడు ఉపభాగాల ముద్ద కాబట్టి, దాన్ని ప్రవహింపజేసినా బహుళ బంధం వచ్చే అవకాశం ఉంటుంది. అక్కడ యాంటీబాడీని చిప్ మీద చాలా పలచగా ఉంచడం ఒక్కటే మనం చేయగలిగేది, ఆ పరిమితిని నివేదికలో రాయడం తప్పనిసరి.

యాంటీబాడీని చిప్‌కు నేరుగా రసాయన బంధంతో అంటించడం కన్నా, మానవ ఎఫ్‌సీని పట్టే మరో యాంటీబాడీని ముందుగా అంటించి, దానితో మన మందును పట్టించడం మేలు. అప్పుడు ప్రతి అణువూ ఎఫ్‌సీ వైపు కిందకు, పట్టుకునే చేతులు పైకి ఉండేలా నిలుస్తుంది, ప్రతి ఆవృతానికీ, అంటే ప్రతి విడత కొలతకూ, తాజా యాంటీబాడీ వస్తుంది, ఒకే చిప్ మీద పది నమూనాలను వరసగా పరీక్షించవచ్చు.

చిప్ తయారీ

కార్బాక్సీమిథైల్ డెక్‌స్ట్రాన్ పూత గల సీఎం5 రకం చిప్‌ను తీసుకొని, గది ఉష్ణోగ్రతకు వచ్చాకనే యంత్రంలో పెట్టాలి. 0.4 మోలార్ ఈడీసీ, 0.1 మోలార్ ఎన్‌హెచ్‌ఎస్‌లను సమపాళ్లలో అప్పటికప్పుడు కలిపి, నిమిషానికి 10 మైక్రోలీటర్ల చొప్పున 7 నిమిషాలు పంపితే డెక్‌స్ట్రాన్ మీది కార్బాక్సిల్ సమూహాలు చురుకవుతాయి. ఈ రెండు ద్రావణాలనూ చిన్న భాగాలుగా గడ్డకట్టించి దాచుకోవాలి, ఒకసారి కరిగించినదాన్ని మళ్లీ వాడకూడదు. తరవాత ఎఫ్‌సీని పట్టే యాంటీబాడీని పీహెచ్ 5.0 గల 10 మిల్లీమోలార్ సోడియం అసిటేట్‌లో మిల్లీలీటరుకు 25 మైక్రోగ్రాముల చొప్పున కలిపి పంపాలి. పీహెచ్ 5.0 ఎందుకంటే, అప్పుడు ఆ ప్రోటీన్ మీద ధనావేశం ఉండి, ఋణావేశం గల డెక్‌స్ట్రాన్ వైపు ఆకర్షితమై పోగుపడుతుంది. చివరగా పీహెచ్ 8.5 గల 1 మోలార్ ఇథనాలమీన్‌ను 7 నిమిషాలు పంపి మిగిలిన చురుకైన చోట్లను మూసేయాలి. చిప్ మీద ద్రవం ప్రవహించే చిన్న గదుల్లో మందును పట్టించే కొలత గది, మందు పట్టించకుండా పోలిక కోసం పక్కనే ఉంచే రిఫరెన్స్ గది, రెండింటికీ ఇదే పని చేయాలి. రిఫరెన్స్ గదిని ఖాళీగా వదిలేస్తే దాని ఉపరితలం కొలత గదిని పోలి ఉండదు, తీసివేత సరిగా రాదు.

పట్టే యాంటీబాడీ కొన్ని వేల ఆర్‌యూల మేర చేరినా ఇబ్బంది లేదు. మన మందును మాత్రం చాలా కొద్దిగా పట్టించాలి. దానికి ఒక చిన్న లెక్క ఉంది: అనలైట్ అణుభారాన్ని లిగండ్ అణుభారంతో భాగించి, పట్టించిన లిగండ్ ఆర్‌యూలతోనూ, ఒక్కో లిగండ్‌కున్న చోట్ల సంఖ్యతోనూ గుణిస్తే గరిష్ఠ సిగ్నల్ వస్తుంది. ట్రాస్టుజుమాబ్ సుమారు 148 కిలోడాల్టన్లు. చక్కెర గొలుసులతో కలిపి హెర్2 బాహ్య భాగాన్ని 90 కిలోడాల్టన్లు అనుకుందాం. 40 ఆర్‌యూల యాంటీబాడీని పట్టిస్తే, 90ని 148తో భాగించి 40తోనూ 2తోనూ గుణిస్తే సుమారు 49 ఆర్‌యూలు వస్తాయి. ఆధునిక యంత్రానికి ఆ మాత్రం చాలు. పెద్ద సిగ్నల్ చూడటానికి బాగుంటుందని 1000 ఆర్‌యూలు పట్టించేవారు ఉన్నారు. అంత దట్టంగా ఉంటే హెర్2 బంధం ఏర్పడే వేగం ప్రవాహం దాన్ని చిప్ దగ్గరికి చేర్చే వేగాన్ని మించిపోతుంది, మనం కొలిచేది బంధాన్ని కాక ప్రవాహాన్ని. ఈ సందేహం వస్తే ఒకే సాంద్రతను నిమిషానికి 10, 30, 100 మైక్రోలీటర్ల వేగాలతో పంపి చూడాలి. గీతల తొలి వాలు ప్రవాహ వేగంతో పాటు మారుతూ ఉంటే యాంటీబాడీ మోతాదును ఇంకా తగ్గించాలి.

సాంద్రతలు, సమయాలు

పరుగు బఫర్‌గా, అంటే ప్రయోగం సాగినంతసేపూ చిప్ మీద ప్రవహించే ద్రావణంగా, పీహెచ్ 7.4 గల హెచ్‌బీఎస్-ఈపీ ప్లస్ బాగా అలవాటైనది: 10 మిల్లీమోలార్ హెపీస్, 150 మిల్లీమోలార్ ఉప్పు, 3 మిల్లీమోలార్ ఈడీటీఏ, 0.05 శాతం పాలీసార్బేట్ 20. లక్ష్య ప్రోటీన్‌కు కాల్షియం అవసరమైతే ఈడీటీఏ ఉన్న బఫర్‌ను వాడకూడదు. అనలైట్‌ను ఈ బఫర్‌లోకే మార్చి, ఈ బఫర్‌తోనే పలచన చేయాలి. నిల్వ ద్రావణంలో గ్లిసరాల్ మిగిలి ఉంటే దాని వక్రీభవన గుణకమే వందల ఆర్‌యూల దూకుడు తెస్తుంది, 49 ఆర్‌యూల సిగ్నల్ అందులో మునిగిపోతుంది.

కేడీ ఒక నానోమోలార్ చుట్టుపక్కల ఉంటుందని తొలి ప్రయత్నంలో తెలిస్తే, 27, 9, 3, 1, 0.33 నానోమోలార్ల వరసను మూడింతల పలచనతో తయారుచేసుకోవాలి. మధ్యలో ఒక సాంద్రతను రెండుసార్లు, ఖాళీ బఫర్‌ను మొదట్లోనూ మధ్యలోనూ చివరా పెట్టాలి. ప్రవాహం నిమిషానికి కనీసం 30 మైక్రోలీటర్లు ఉండాలి. చేరికకు మూడు నుంచి అయిదు నిమిషాలు చాలు.

విడిపోయే దశకు ఎంత సమయం ఇవ్వాలన్న దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. విడిపోయే రేటును నమ్మాలంటే సిగ్నల్ కనీసం 5 శాతమైనా తగ్గడం చూడాలన్నది ఈ రంగంలో స్థిరపడిన నియమం. రేటు సెకనుకు 10⁻⁴ అయితే 5 శాతం తగ్గడానికి సుమారు 513 సెకన్లు, అంటే ఎనిమిదిన్నర నిమిషాలు పడుతుంది. అదే 10⁻⁵ అయితే 5130 సెకన్లు, దాదాపు గంటన్నర. అయిదు నిమిషాలు చూసి 10⁻⁵ అని రాసిన నివేదికను నమ్మడానికి వీల్లేదు. ఆ అయిదు నిమిషాల్లో తగ్గేది 0.3 శాతం, యంత్రపు సహజ జారుడే అంతకన్నా ఎక్కువ ఉండవచ్చు. అన్ని సాంద్రతలకూ గంటన్నర ఇవ్వనక్కర్లేదు. అత్యధిక సాంద్రతకూ, ఒక ఖాళీ బఫర్‌కూ మాత్రం పూర్తి సమయం ఇచ్చి, మిగిలినవాటికి పది నిమిషాలు ఇస్తే సరిపోతుంది. ఈ ఏర్పాటుతో యంత్రం సమయం చాలా ఆదా అవుతుంది.

ఒక ఆవృతం ముగిశాక 3 మోలార్ మెగ్నీషియం క్లోరైడ్‌ను 30 సెకన్లు పంపితే పట్టించిన యాంటీబాడీ, దానితో పాటు హెర్2 కూడా ఊడిపోయి, కింది పట్టు యాంటీబాడీ మిగులుతుంది. ఆధార రేఖ తిరిగి మొదటి చోటికి రావాలి, తరవాతి ఆవృతంలో పట్టుబడే మందు మోతాదు మునుపటంతే ఉండాలి. అది క్రమంగా తగ్గుతూ పోతుంటే ఉపరితలం అరుగుతోందని అర్థం. అప్పుడు ఇలా ఊడగొట్టే పునరుద్ధరణ లేకుండా అయిదు సాంద్రతలనూ తక్కువ నుంచి ఎక్కువకు ఒకదాని వెంట ఒకటి పంపే సింగిల్ సైకిల్ పద్ధతికి మారవచ్చు. అందులో విడిపోయే దశ చివర ఒక్కసారే వస్తుంది కాబట్టి దానికి ఎంత సమయమైనా ఇచ్చుకోవచ్చు.

సెన్సర్‌గ్రామ్‌ను చదవడం

సెన్సర్‌గ్రామ్ అంటే తెర మీద కనబడే ఈ గీతే. ఒక ఆవృతాన్ని తెర మీద మొదటి నుంచీ గమనించడం అలవాటు చేసుకోవాలి. మందు పట్టుబడగానే గీత 40 ఆర్‌యూలు లేచి, ఒకటి రెండు నిమిషాల్లో నిలకడకు వస్తుంది. నిలకడ రాకముందే హెర్2ను పంపకూడదు. హెర్2 ప్రవేశించిన క్షణంలో చిన్న నిలువు దూకుడు, ఆ తరవాత వంపు తిరుగుతూ లేచే గీత కనిపిస్తాయి. 27 నానోమోలార్ గీత త్వరగా చదునవుతుంది, 0.33 నానోమోలార్ గీత దాదాపు సరళరేఖలా కొద్దిగానే లేస్తుంది. ప్రవాహం తిరిగి బఫర్‌కు మారగానే మొదట దూకినంతే కిందకు దిగి, అక్కడి నుంచి మెల్లగా వాలుతుంది. ఆ రెండు దూకుళ్లూ ఎత్తులో సమానంగా ఉంటే అది బఫర్ తేడా మాత్రమే, రిఫరెన్స్ గదిని తీసివేస్తే పోతుంది. గీతలో సూదిమొనలా నిలువుగా లేచి పడిపోయేవి గాలి బుడగలు. బఫర్‌లోని గాలిని తొలగించి, సీసాల మూతలు చూసుకోవాలి. చేరిక దశ చదును కావలసిన చోట సరళరేఖలా పైకి పోతూనే ఉంటే, ప్రోటీన్ ఎక్కడ పడితే అక్కడ అతుక్కుంటోందన్నమాట.

తీసివేత రెండుసార్లు చేయాలి. కొలత గది నుంచి రిఫరెన్స్ గదిని తీసివేయడం మొదటిది. ఖాళీ బఫర్ ఆవృతాన్ని తీసివేయడం రెండోది. పట్టించిన మందు తనంతట తాను మెల్లగా జారిపోవడం వల్ల వచ్చే వాలు దీనితో పోతుంది. రెండో తీసివేత చేయకపోతే ఆ జారుడు హెర్2 విడిపోయే రేటుకు కలుస్తుంది, నిజానికి వదలని బంధం వదులుతున్నట్లు కనబడుతుంది.

ఆ తరవాత అన్ని సాంద్రతల గీతలకూ కలిపి ఒకటికి ఒకటి నమూనాను, అంటే ఒక చోటుకు ఒక అణువే అంటుతుందనే గణిత సూత్రాన్ని, అమర్చాలి. చేరిక, విడిపోయే రేట్లు అన్నింటికీ ఉమ్మడిగా ఉండాలి; ఒక్కో ఆవృతంలో మందు కొద్ది తేడాతో పట్టుబడుతుంది కాబట్టి గరిష్ఠ సిగ్నల్‌ను విడివిడిగా ఉండనివ్వవచ్చు. రెండుసార్లు తీసివేసిన దత్తాంశానికి బఫర్ దూకుడు అంశాన్ని సున్నాగా స్థిరపరచడం మంచిది. అమరిక బాగుందా లేదా అన్నది గీతకూ నమూనాకూ మొత్తం తేడాను చెప్పే కై-వర్గం అంకెతోనే తేల్చకూడదు. గీతకూ నమూనాకూ మధ్య మిగిలిన తేడాలు సున్నాకు అటూ ఇటూ చెల్లాచెదురుగా ఉన్నాయా, లేక అలలా ఒక ఆకారంలో ఉన్నాయా అని కంటితో చూడాలి. అమరిక చెప్పిన గరిష్ఠ సిగ్నల్ మనం ముందే లెక్కగట్టిన 49కి దగ్గరగా ఉండాలి. అది 20 అని వస్తే పట్టించిన యాంటీబాడీలో సగానికి పైగా పనిచేయడం లేదేమో చూడాలి. 120 వస్తే గుత్తులనో, సంబంధంలేని అతుకుడునో అనుమానించాలి.

ఒకటికి ఒకటి నమూనా కుదరనప్పుడు సాఫ్ట్‌వేర్ పట్టికలో కింద ఉన్న క్లిష్టమైన నమూనాలను ఒక్కొక్కటే నొక్కి చూసే అలవాటు ప్రయోగశాలల్లో బాగా ఉంది. చరరాశులు పెరిగితే ఏ గీతకైనా ఏదో ఒకటి కుదురుతుంది. మోతాదు తగ్గించి, ప్రోటీన్‌ను మళ్లీ శుద్ధిచేసి, అప్పటికీ కుదరకపోతేనే ఆ నమూనాల జోలికి పోవాలని నా అభిప్రాయం.

నివేదికలో కేడీ ఒక్కటే రాస్తే చాలదు. చేరిక రేటు మోలార్‌కు సెకనుకు 5×10⁵, విడిపోయే రేటు సెకనుకు 10⁻⁴ ఉన్న యాంటీబాడీ కేడీ 0.2 నానోమోలార్. చేరిక 5×10⁶, విడిపోవడం 10⁻³ ఉన్నదాని కేడీ కూడా అంతే. కానీ మొదటిది లక్ష్యంలో సగాన్ని వదలడానికి దాదాపు రెండు గంటలు పడితే, రెండోదానికి పన్నెండు నిమిషాల లోపే పడుతుంది. కణం ఉపరితలం మీద ఈ రెండూ ఒకేలా ప్రవర్తిస్తాయని అనుకోలేం.

ఎఫ్‌సీ వైపు బంధాలు

ట్రాస్టుజుమాబ్ వంటి మందుకు యాంటిజెన్ బంధం సగం కథే. దాని ఎఫ్‌సీ భాగం సహజ హంతక కణాల మీది ఎఫ్‌సీ గామా రిసెప్టర్ 3ఏను పట్టుకుంటే ఆ కణాలు క్యాన్సర్ కణాన్ని చంపుతాయి. ఈ బంధం యాంటీబాడీ మీది చక్కెర గొలుసులో ఫ్యూకోజ్ ఉందా లేదా అన్నదాని మీద బాగా ఆధారపడుతుంది. ఫ్యూకోజ్ లేనివి చాలా గట్టిగా పట్టుకుంటాయి. ఫ్యూకోజ్ తగ్గించి తయారుచేసిన ఒబినుటుజుమాబ్‌కు 2013లో అమెరికాలో అనుమతి రావడం వెనుక ఉన్న ఆలోచన ఇదే. శాంసంగ్ బయోఎపిస్ శాస్త్రవేత్తలు 2017లో ప్రచురించిన పరిశీలనలో, అసలు బ్రాండు ట్రాస్టుజుమాబ్‌కు చెందిన కొన్ని లాట్లలోనే (తయారీ విడతల్లోనే) ఫ్యూకోజ్ లేని గొలుసుల శాతం పడిపోయిందనీ, దానితో పాటే ఈ రిసెప్టర్ బంధమూ, కణాలను చంపే సామర్థ్యమూ తగ్గాయనీ చూపించారు. బయోసిమిలర్ చేసేవారు అసలు మందును వేర్వేరు కాలాల లాట్లలో కొని ఈ పరీక్ష ఎందుకు చేయాలో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక్కడ అమరిక తలకిందులవుతుంది. హిస్ తోకను పట్టే యాంటీబాడీతో రిసెప్టర్‌ను చిప్ మీద పట్టించి, మందును ప్రవహింపజేయాలి. ఒక ఎఫ్‌సీకి ఒక రిసెప్టరే పడుతుంది కాబట్టి రెండు చేతుల సమస్య రాదు. ఈ రిసెప్టర్ గొలుసులో 158వ స్థానంలో వాలీన్ ఉన్న రకానికి కేడీ సాధారణంగా కొన్ని వందల నానోమోలార్లలో ఉంటుంది, ఫినైల్ అలనీన్ ఉన్న రకానికి బంధం ఇంకా బలహీనం. ఇంత బలహీనమైన బంధాల్లో గీతలు త్వరగా చదునవుతాయి, కాబట్టి చదునైన ఎత్తును సాంద్రతకు ఎదురుగా గీసి స్థిరస్థితి పద్ధతిలో కేడీ తీసుకోవచ్చు. మందు సాంద్రత మైక్రోమోలార్లలోకి పోతుంది కాబట్టి గుత్తుల బెడద ఇక్కడే ఎక్కువ. రిసెప్టర్ మీద కూడా చక్కెర గొలుసులుంటాయి, అవీ బంధాన్ని ప్రభావితం చేస్తాయి. అందుచేత ఏ రకం కణాల్లో తయారైన రిసెప్టరో నమోదు చేసి, అధ్యయనం అంతటా అదే వాడాలి.

ఎఫ్‌సీఆర్ఎన్ సంగతి వేరు. ఐజీజీ మందు శరీరంలో వారాల తరబడి నిలవడానికి కారణమైన ఈ రిసెప్టర్ పీహెచ్ 6.0 దగ్గర పట్టుకొని, 7.4 దగ్గర వదిలేస్తుంది. పరుగు బఫర్‌ను పీహెచ్ 6.0కు మార్చి కొలవాలి, 7.4 బఫర్ పంపితే అదే పునరుద్ధరణ అవుతుంది. 7.4 దగ్గర బంధం నిజంగా లేదని చూపించే ప్రయోగం కూడా విడిగా చేయాలి. ఐజీజీకి ఎఫ్‌సీఆర్ఎన్ పట్టే చోట్లు రెండున్నాయి కాబట్టి, మందును చిప్ మీద ఉంచి రిసెప్టర్‌ను ప్రవహింపజేయడమే శుభ్రమైన ఏర్పాటు. ఎఫ్‌సీని పట్టే యాంటీబాడీ మాత్రం ఈ ప్రయోగంలో అడ్డు రావచ్చు. మందును ఫ్యాబ్ వైపు నుంచి, అంటే పట్టుకునే చేతుల వైపు నుంచి, పట్టించడం మంచిది.

ఆక్టెట్, క్యాలరీమెట్రీ

ఆక్టెట్‌లో సన్నని గాజు పోగు చివర ప్రోటీన్ పొర ఉంటుంది. ఆ చివరను 96 గుంటల ప్లేటులో ఒక గుంట నుంచి మరో గుంటకు ముంచుతూ పోతారు, పొర మందం పెరిగినకొద్దీ పరావర్తన కాంతి తరంగదైర్ఘ్యం నానోమీటర్లలో జరుగుతుంది. గుంటకు 200 మైక్రోలీటర్లు చాలు, సెన్సర్లను ముందుగా పది నిమిషాలు బఫర్‌లో నాననివ్వాలి. సన్నని గొట్టాలు లేవు కాబట్టి కణాల కల్చర్ ద్రవాన్ని నేరుగా పెట్టవచ్చు, ఎస్‌పీఆర్‌లో అలా చేస్తే గొట్టాలు మూసుకుపోయే ప్రమాదం ఉంది. ప్రవాహం లేకపోవడం వల్ల విడిపోయిన అణువు మళ్లీ అతుక్కునే అవకాశం ఎక్కువ, గంటల తరబడి సాగే ప్రయోగాల్లో గుంటలు ఆవిరై సాంద్రత మారుతుంది. అందువల్ల గట్టి బంధాల విడిపోయే రేటుకు దీన్ని చివరి మాటగా తీసుకోకూడదు.

రెండు యాంటీబాడీలు ఒకే చోట పట్టుకుంటాయా అన్న ప్రశ్నకు మాత్రం ఇది బాగా పనికొస్తుంది. హెర్2ను సెన్సర్ మీద నిలిపి, ట్రాస్టుజుమాబ్‌లో ముంచి పూర్తిగా నింపి, ఆ తరవాత హెర్2నే పట్టే మరో యాంటీబాడీ పెర్టుజుమాబ్‌లో ముంచితే సిగ్నల్ మళ్లీ లేస్తుంది, ఎందుకంటే మొదటిది హెర్2 నాలుగో డొమైన్‌ను, రెండోది రెండో డొమైన్‌ను పట్టుకుంటాయి. పెర్టుజుమాబ్ బదులు మళ్లీ ట్రాస్టుజుమాబ్‌లోనే ముంచిన నియంత్రణ సెన్సర్ లేవకూడదు. లేస్తే మొదటి నింపుడు పూర్తికాలేదు.

క్యాలరీమెట్రీ బంధబలంతో పాటు ఎంథాల్పీనీ (బంధంలో వెలువడే లేదా గ్రహించబడే వేడినీ), ఎన్ని అణువులకు ఎన్ని పడుతున్నాయన్న నిష్పత్తినీ ఇస్తుంది. రెండు ప్రోటీన్లనూ ఒకే పాత్రలోని బఫర్‌లో డయాలిసిస్ చేయాలి, లేకపోతే బఫర్లు కలిసిన వేడే కొలతను మింగేస్తుంది. యంత్రపు కొలత గదిలోని ప్రోటీన్ సాంద్రతను కేడీతో భాగించి, చోట్ల సంఖ్యతో గుణిస్తే వచ్చే విలువ సుమారు 10 నుంచి 500 మధ్య ఉంటేనే వంపు నుంచి కేడీ తీయగలం. 0.2 నానోమోలార్ బంధానికి గదిలో 10 మైక్రోమోలార్లు పెడితే ఒక్కో చోటుకు ఆ విలువ 50,000 వస్తుంది. గీత మెట్టులా నిట్టనిలువుగా దిగుతుంది, కేడీ తెలియదు. అక్కడ నిష్పత్తి, ఎంథాల్పీలతో సరిపెట్టుకోవాలి.

కుదరని లక్ష్యాలూ ఉన్నాయి. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2007లో రిటక్సిమాబ్ బయోసిమిలర్‌ను విడుదల చేసింది. రిటక్సిమాబ్ పట్టుకునే సీడీ20 కణపు పొరను నాలుగుసార్లు దాటుతూ అందులోనే కూరుకుపోయి ఉంటుంది, హెర్2లా బయటి భాగాన్ని విడిగా కోసి తెచ్చుకునే వీలు లేదు. ఇలాంటివాటికి పొర ముక్కతో సహా నానోడిస్క్‌లలో నిలిపి కొలవడమో, కణాల మీదే బంధాన్ని చూసే పరీక్షకు మారడమో చేయాలి. ఎఫ్‌సీ వైపు బంధాలను మాత్రం పైన చెప్పిన విధంగానే కొలవవచ్చు.

పరీక్షను స్థిరపరచడం

బయోలాజిక్ మందుల నాణ్యత ప్రమాణాలపై, ఔషధ నిబంధనలను దేశాల మధ్య సమన్వయం చేసే అంతర్జాతీయ మండలి ఐసీహెచ్ ఇచ్చిన క్యూ6బీ మార్గదర్శకం 1999 నుంచీ ఉంది, పరీక్షా పద్ధతుల ధ్రువీకరణపై క్యూ2 సవరణ 2023లో వచ్చింది, మన దేశంలో బయోసిమిలర్ల మార్గదర్శకాలు 2012లో వెలువడి 2016లో సవరించబడ్డాయి. బయోసిమిలర్ పోలికలో కేడీ అసలు విలువ కన్నా, అదే రోజు అదే చిప్ మీద నడిపిన రిఫరెన్స్ నమూనాతో నిష్పత్తిగా చెప్పడం ఎక్కువ నిలకడగా ఉంటుంది, ఎందుకంటే హెర్2 సాంద్రతలోని దోషం రెండింటికీ సమానంగా అంటి, నిష్పత్తిలో కొట్టుకుపోతుంది. నమూనాల క్రమాన్ని కలగలపాలి; రిఫరెన్స్‌ను మొదట్లోనూ చివర్లోనూ నడిపి, రెండు ఫలితాలూ ముందే రాసుకున్న హద్దులో కలిస్తేనే ఆ రోజు పరుగును అంగీకరించాలి. పద్ధతికి నిజంగా తేడా పట్టే శక్తి ఉందని చూపడానికి, వేడితోనో ఆక్సీకరణంతోనో కావాలని పాడుచేసిన నమూనాను కూడా చేర్చాలి.

హెర్2, రిసెప్టర్, పట్టు యాంటీబాడీ, చిప్, వీటిలో ఏ ఒక్కదాని లాట్ మారినా పాత లాట్‌నూ కొత్త లాట్‌నూ పక్కపక్కన నడిపి, రిఫరెన్స్ ఫలితం మారలేదని చూపాకే కొత్తదాన్ని వాడుకలోకి తేవాలి. పాత లాట్ పూర్తిగా అయిపోయాక కొత్తది తెరిస్తే ఈ పోలికకు వీలుండదు కాబట్టి, ప్రతి లాట్ వచ్చిన రోజునే దానిలో కొంత భాగాన్ని చిన్న సీసాల్లో మైనస్ 80 డిగ్రీల దగ్గర విడిగా దాచి, రిజిస్టరులో లాట్ పోలిక కోసమని రాసిపెట్టాలి.